ముషెగ్ గుర్రం పక్కన ఎర్రసిరా

ఆఁ, ఎక్కడ ఆపాను? రేకుల దగ్గర కదూ. ముషెగ్ రేకు ముక్కల మీద మేకుతో చదరంగం ఎత్తులు గీసుకునేవాడంటే మీరు నమ్మలేదు. నమ్మకపోతే మానెయ్యండి, ఆ ముక్కలు రెండు ఇప్పటికీ వాళ్ళింట్లో ఉన్నాయి. ఒకదాన్ని వాళ్ళావిడ నోయెమ్ పెరుగు గిన్నె మీద మూత పెడుతుంది.

మా గ్యుమ్రిలో ఒకప్పుడు వీధికి ముగ్గురు రేకుపనివాళ్ళు ఉండేవాళ్ళు. పొయ్యి గొట్టాలు, చూరు తూములు, బకెట్లు, అన్నీ వాళ్ళ చేతుల్లోంచే రావాలి. ముషెగ్ ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి బాబాయి కొట్లో సుత్తి పట్టాడు. ఆ రోజుల్లో మన అర్మేనియావాడొకడు మాస్కోలో పెద్ద పోటీ ఆడుతుంటే సాయంత్రం రేడియోలో ఎత్తులు చదివేవారు. కొట్లో కాగితం ఎక్కడిది? చేతికందిన రేకు ముక్క మీద మేకుతో గీకేసేవాడు. రేకు మీద గీసింది చెరపడం కుదరదు కదా, తన ఊహ తప్పయితే దాని కింద ఇంకో గీత గీసి, "ఇక్కడ నేను ఇలా అనుకున్నాను, వాడు అలా ఆడాడు" అని రాసుకునేవాడు. ఆ అలవాటే మా క్లబ్బుకి చట్టం అయింది.

క్లబ్బంటే ఏదో ఊహించుకోకండి. గ్రంథాలయం వెనక ఒక గది, ఒక కట్టెల పొయ్యి, ఆరు బల్లలు. పొయ్యి, గొట్టం రెండూ ముషెగ్ చేసినవే. ఎనభై ఎనిమిది భూకంపం తరవాత ఊళ్ళో సగం మంది రేకు డబ్బాల్లో కాపురాలు పెట్టిన ఏళ్ళలో కూడా ఆ పొయ్యి ఆదివారం ఆరలేదంటారు. అప్పుడే మొదలుపెట్టాడు ముషెగ్ తిరుగుడు పుస్తకం.

తొంభై ఆరు పేజీల గళ్ళ నోటుపుస్తకం. ఒకరు తమ ఆట ఒకటి అందులో రాస్తారు. ఎత్తుల కింద తమకి ఏం తట్టిందో, ఎక్కడ భయం వేసిందో, ఎక్కడ కళ్ళు మూసుకుపోయాయో రాసి పక్కింటికి ఇస్తారు. అక్కడ మూడు రోజులు. వాళ్ళు బోర్డు ముందేసుకుని ఆ ఆట మళ్ళీ ఆడి, తమకి తోచింది తమ సిరాలో రాసి ఇంకో ఇంటికి పంపుతారు. తిరిగి తిరిగి క్లబ్బుకి వచ్చేసరికి ఒక్కో ఆట చుట్టూ అయిదారు రంగుల రాతలు. ముషెగ్‌ది నీలం. మంగలి గుర్గెన్‌ది ఆకుపచ్చ. నన్ను చేర్చుకున్న రోజున ఏ రంగు కావాలంటే నేను ఆలోచించేలోపే గుర్గెన్, "అడగడం కూడానా! టీచరమ్మకి ఎరుపు కాక ఇంకేమిస్తాం?" అన్నాడు. గదంతా ఒకటే నవ్వు.

పుస్తకంలో గుర్తులు రెండే. గొప్ప ఎత్తు పక్కన నిలువు గీత, కింద చుక్క. దాన్ని ముషెగ్ "మేకు" అన్నాడని అందరం మేకు అనే అంటాం. చెడ్డ ఎత్తు పక్కన వంకర గీత, కింద చుక్క. అది "కొక్కెం". నియమం ఏమిటంటే, మేకు ఎప్పుడూ పక్కవాడే కొట్టాలి, తనకి తాను కొట్టుకోకూడదు. కొక్కెం మాత్రం ఎవరిది వాళ్ళే తగిలించుకోవాలి, ఇంకొకడి ఎత్తుకి తగిలించకూడదు. ఎందుకలాగని నేను చేరిన కొత్తలో అడిగాను.

"నొప్పి ఎక్కడుందో నొప్పి ఉన్నవాడికి తెలుసు, టీచరమ్మా. నువ్వు పక్కనుంచి వేలు పెట్టి పొడిస్తే తెలిసేది ఏముంది, అరుపు తప్ప?" అన్నాడు ముషెగ్.

ఇంకో నియమం ఉంది. పుస్తకంలో రాసేది సొంత బుర్రలోది అయ్యుండాలి. తప్పయినా సరే. ఫోనుల్లో చదరంగం ఆడే యంత్రాలు వచ్చాక ఈ మాట ముషెగ్ గట్టిగా చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఎవరూ అలా చెయ్యరని అందరి నమ్మకం.

ఇప్పుడు నా సంగతి. నేను చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పుకునేదాన్ని. మా బళ్ళలో చదరంగం పాఠంగా పెట్టిన ఏడాది నాకు యాభై ఆరు. కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి, "ఇకనుంచి చదరంగం టీచరు సతెనిక్" అని జాబితాలో నా పేరు రాసేశారు. గుర్రం ఎటు దూకుతుందో నేర్చుకున్న వారానికే పిల్లలకి నేర్పాను! పైకి రావాలంటే పుస్తకాలు చదవాలి, మంచి పుస్తకాలన్నీ రష్యన్‌లో. నేను పక్కా అర్మేనియన్ బడి దాన్ని. రష్యన్ పేజీ తిప్పడానికి నాకు అరపూట. సిగ్గుపడుతూనే క్లబ్బుకి వెళ్ళాను. మరుసటి ఆదివారం ముషెగ్ ఒక ఆట మన భాషలోకి రాసి తెచ్చాడు. తన రష్యన్ కూడా నా రష్యన్ లాంటిదే, నిఘంటువు పక్కన పెట్టుకుని రాశాట్ట. అలా రెండేళ్ళు రాసి ఇచ్చాడండీ నాకు. ఇది గుర్తుంచుకోండి.

అంత చేసినా నా ఆట నా ఆటే. గుర్గెన్ జుట్టు కత్తిరిస్తూ కూడా నా మీద జోకులు వేసేవాడు. "టీచరమ్మ గుర్రాలు దూకవయ్యా, చేతులు కట్టుకుని వరసలో నడుస్తాయి" అని. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే లెక్కపెట్టుకునేదాన్ని. పదేళ్ళలో నాకు పడిన మేకులు నాలుగు. నాలుగూ ఇతరులవి. ముషెగ్ నీలం మేకు ఒక్కటీ లేదు. అతను ఊరికే కొట్టడు. అదొక్కటి కావాలని నాకెంత ఆశ ఉండేదో ఈ వయసులో చెప్పుకుంటే మీరు నవ్వుతారు.

మొన్న ఫిబ్రవరి చలిలో ముప్ఫై ఒకటో పుస్తకం నిండింది. నిండిన పుస్తకాలన్నీ ముషెగ్ మంచం కింద పెట్టెలో ఉంటాయి. ముప్ఫై రెండోది తెరుస్తూ గుర్గెన్, "వర్పెత్, మొదటి పేజీలో నీ గుర్రాన్నే నిలబెట్టు" అన్నాడు. పనితనం ఉన్నవాళ్ళని మేము వర్పెత్ అనే పిలుస్తాం.

ముషెగ్ గుర్రం సంగతి తెలియనివాళ్ళు మా గదిలో లేరు. డెబ్బై నాలుగులో ఒక పెద్ద ఆటగాడు ఊరికి వచ్చి రైల్వేవాళ్ళ హాల్లో ఒకేసారి ఇరవై అయిదు మందితో ఆడాడు. ఇరవై నలుగురు ఓడారు. ఇరవై రెండేళ్ళ రేకుపనివాడు ముషెగ్, ఇరవై రెండో ఎత్తులో తన గుర్రాన్ని శత్రురాజు ముందు బంట్ల మధ్యకి ఉత్త పుణ్యానికి విసిరేశాడు. ఆయన దాన్ని తీసుకున్నాడు. పది ఎత్తుల్లో ఆట కట్టింది. ఆయనే వంగి చెయ్యి కలిపాడు. ముషెగ్ జీవితంలో పతకాలు లేవు, పదవులు లేవు. ఈ గుర్రం ఉంది.

నలభై తొమ్మిదేళ్ళ తరవాత ఆ ఆటని కొత్తగా, నింపాదిగా, రెండు పేజీలకి రాశాడు. "చేతికి సుత్తి దెబ్బ తగిలి కట్టు ఉంది, ఎడమచేత్తో గుర్రాన్ని పెట్టాను" అని కూడా రాశాడు. పుస్తకం మొదట వచ్చింది నా ఇంటికి.

మూడు రోజులు బోర్డు ముందు కూర్చున్నాను. "అద్భుతం" అని తప్ప నాకేమీ తోచలేదు. మూడో రోజు మధ్యాహ్నం, అన్నాలయ్యాక, మా కోడలు లూసినె నా ఫోనులో ఎప్పుడో ఎక్కించిన యంత్రంలో ఆ ఆట పెట్టాను. మెచ్చుకోవడానికే పెట్టానండీ. ఇంకా గొప్పగా మెచ్చుకోవడానికి నాలుగు మాటలు దొరుకుతాయని. యంత్రం రెప్పపాటులో చెప్పేసింది. గుర్రాన్ని ముట్టుకోకుండా రాజుని ఒక్క గడి మూలకి జరిపితే చాలు, ముషెగ్ దాడి చల్లారిపోతుంది, ఆట అవతలివాడిదే.

అక్కడ ఫోను మూసేయాలి. నేను ఎర్ర పెన్ను తీశాను. ముషెగ్ గుర్రం పక్కన కొక్కెం పెట్టాను. ఒకటి కూడా కాదు, రెండు. కింద, "రాజు మూలకి వెళితే గుర్రం వృథా. మూడు రోజుల ఆలోచన తరవాత తేలింది. సతెనిక్" అని గుండ్రంగా రాశాను. నలభై ఏళ్ళు పిల్లల పుస్తకాల మీద ఇలాగే రాసిన చెయ్యి మరి.

ఆదివారం అందరూ ఆ పేజీ చుట్టూ మూగారు. గుర్గెన్ బోర్డు మీద పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, నా వైపు చూశాడు.

"ఓసి దీని దుంపతెగ! టీచరమ్మ గుర్రాలు ఇన్నాళ్ళూ నిద్రపోతున్నాయనుకున్నాం, మన గుర్రాన్నే తినేశాయి కదరా!"

"నువ్వు నోర్మూసుకుని చూడు," అన్నాడు ముషెగ్. చాలాసేపు చూశాడు. చేత్తో రాజుని మూలకి జరిపాడు, వెనక్కి పెట్టాడు, మళ్ళీ జరిపాడు. "నిజమే. మూలకి వెళితే నాకేమీ లేదు. నలభై తొమ్మిదేళ్ళు, సతెనిక్ జాన్! ఒక్కసారి కూడా మూల వైపు చూడలేదు నేను." ఆప్యాయంగా పిలిచేటప్పుడు మేము పేరు చివర జాన్ అంటాం.

అప్పుడు గుర్గెన్‌కే గుర్తొచ్చింది. "అది సరే, కొక్కెం ఇంకొకరికి తగిలించకూడదు కదా, ఈవిడేమిటి రెండు తగిలించింది?"

నా ముఖం మండిపోయింది. ముషెగ్ తన పెన్ను తీసి నా ఎర్ర కొక్కేల మీదే నీలంతో దిద్దాడు. ఎరుపు కనపడనంత గట్టిగా దిద్దాడు. "ఇవి నావి. నేనే పెట్టుకున్నాను. నియమం చెడలేదు," అన్నాడు. తరవాత నా పేరు పక్కన మేకు కొట్టాడు. ఒకటి కొట్టి, ఆగి, ఇంకోటి కొట్టాడు.

పదేళ్ళు ఎదురుచూసిన నీలం మేకు, జంటగా వచ్చింది. ఇంటికి వచ్చి చేసిన గాతా, మా తీపిరొట్టె, అది కూడా ముట్టుకోలేదు నేను.

అంతటితో ఆగితే ఇదొక చిన్న సిగ్గు. గురువారం తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. ముషెగ్, మంచు దులుపుకుంటూ, చంకలో బోర్డు, జేబులో చిన్న పుస్తకం.

"నేర్చుకోవడానికి వచ్చాను, టీచరమ్మా. పొమ్మనకు."

"నేను నీకు నేర్పడమేమిటి వర్పెత్!"

"ఎలా చూశావో చెప్పు చాలు. ముందు ఏం చూశావు, రాజునా, గుర్రాన్నా? నేనెప్పుడూ గుర్రాన్నే చూశాను. మనిషి తన గొప్పనే చూసుకుంటాడు కాబోలు."

అప్పుడు చెప్పెయ్యచ్చు. ఒక్క మాట. నేనేమన్నానో తెలుసా? "అవతలివాడికి ఏది ఇష్టం లేదో అది చూస్తాను" అన్నాను. నాలిక చివరికి ఎలా వచ్చిందో తెలియదు. అతను జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. డెబ్బై ఒకటేళ్ళ మనిషి, నేను చెప్పిన అబద్ధాన్ని పెదాలు కదుపుతూ రాసుకున్నాడు.

తరవాత కొత్త ఆట ఒకటి పెట్టి, "ఇక్కడ నువ్వయితే?" అన్నాడు. నాకేం తెలుస్తుంది? "ఉండు, కాఫీ పెట్టుకొస్తాను" అని వంటింట్లోకి పారిపోయాను. చేతిగుడ్డ కింద ఫోను, పొయ్యి మీద కాఫీ. పొంగేలోపు యంత్రం చెప్పింది. వెళ్ళి ఎత్తు చెప్పాను. అతను తల పట్టుకున్నాడు. ఇంకో ఆట. ఇంకో కాఫీ. ఆ పూట అయిదు కప్పులు తాగించాను. గుండె దడతో వెళ్ళుంటాడు పాపం, ఆట గొప్పదనం అనుకుంటూ.

వారం తరవాత వచ్చి అన్నాడు కదా, "నీ కిటుకు కనిపెట్టాను. నీకు పొయ్యి దగ్గర నిలబడితేనే తడుతుంది. నేనూ వెళ్ళి నిలబడ్డాను ఇంట్లో. ఏమీ తట్టలేదు, కాఫీ పొంగి పొయ్యంతా పాడైంది, నోయెమ్ గరిటె పుచ్చుకుని తరిమింది."

నేను నవ్వాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వాను, అతనూ నవ్వాడు. అతను వెళ్ళాక ఆ నీళ్ళు ఆగలేదు.

అలా ఏడు గురువారాలు. ఎనిమిదో గురువారం రాలేదు. ఆదివారం క్లబ్బుకీ రాలేదు. పక్క ఊరు వానాడ్జోర్ వాళ్ళతో పోటీకి తన బల్ల టీచరమ్మకి ఇమ్మని గుర్గెన్‌తో కబురు పంపాడు. గుర్గెన్ ఆ కబురు చెబుతూ మొదటిసారి జోకు వెయ్యలేదు.

నిన్న బజారులో నోయెమ్ కనపడింది. జున్ను దుకాణం దగ్గర నన్ను ఆపేసింది. కోటు మీది కాలరు పట్టుకుంది.

"సతెనిక్, మా ఆయనకి ఏం నూరిపోశావే నువ్వు?"

"ఏమైంది, నోయెమ్ జాన్?"

"మంచం కింద పెట్టె బయటికి లాగాడు. పొద్దున్న లేచి కూర్చుంటే పొద్దుపోయేదాకా అవే పుస్తకాలు. ఒక్కో పేజీ తీసి తనకి తనే కొక్కేలు పెట్టుకుంటున్నాడు. మంచి ఎత్తులకి కూడా! ఇదేమిటయ్యా అంటే, 'ఇదీ తప్పే అయ్యుంటుంది, నాకు కనపడటం లేదంతే, సతెనిక్‌కి అయితే కనపడుతుంది' అంటాడు. పదమూడో పుస్తకం దాకా వచ్చాడు. అన్నీ అయ్యాక పొయ్యిలో పెడతాడట. వెనక వచ్చేవాళ్ళకి తప్పులు వదిలి వెళ్ళకూడదట. నా పెళ్ళినాటి దుప్పటికి కూడా అంత మంచి చోటు ఇవ్వలేదు వాటికిచ్చినట్టు, ఇప్పుడు తగలెడతాడా?"

నేను జున్ను కొనకుండానే వచ్చేశాను. నోయెమ్‌కి చెప్పేసినా సరిపోయేది కదా అంటారు. చెప్పకుండా గబగబా నడిచేశాను.

ఇంటికొచ్చి బోర్డు పరిచాను. గుర్రం పడింది, రాజు మూలకి వెళ్ళాడు. ఇక్కణ్ణించి ఫోను లేకుండా నేనే ఆడదామని కూర్చున్నాను, మూలన ఉన్న రాజు వైపు; ముషెగ్ వైపు ఎత్తులూ నేనే జరిపాను. గెలవాల్సిన వైపు నాదే కదా! తొమ్మిది ఎత్తుల్లో నా రాజుకి ఊపిరాడలేదు. మళ్ళీ ఆడాను. మళ్ళీ ముషెగ్ గుర్రమే తొక్కేసింది. నేను ఎర్రసిరాతో రాసిన మాట నాకే అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. ఇరవై అయిదు బల్లల మధ్య తిరుగుతున్న ఆ పెద్దమనిషికి మాత్రం ఎలా కనపడుతుంది ఆ మూల? కట్టు కట్టిన చేత్తో రేకు కొట్టుకునే కుర్రవాడికి ఎలా కనపడుతుంది?

ఇదంతా మీకు చెప్పడంలో సగం పిరికితనమే, నాకు తెలుసు. వినాల్సినవాడు రెండు వీధుల అవతల పద్నాలుగో పుస్తకం తెరుస్తుంటే, నేను మీ దగ్గర కబుర్లు చెబుతున్నాను. పిల్లల్ని ఎన్నిసార్లు గోడ పక్కన నిలబెట్టి, "పక్కవాడి పలకలో చూసి రాశావా, నిజం చెప్పు" అన్నానో. వాళ్ళు చెప్పేవాళ్ళండీ. ఏడుస్తూ చెప్పేసేవాళ్ళు. నాకు అంత ధైర్యం కూడా లేకపోయింది.

తెలిస్తే క్లబ్బులో నన్ను ఉంచుతారో లేదో. గుర్గెన్ ఊరూరా నాలుగేళ్ళకి సరిపడా జోకులు కడతాడు. కట్టనీ. ముషెగ్ ఏమంటాడన్నదే నా భయం. తిడితే పడతాను. "పోనీలే టీచరమ్మా" అంటాడేమో, అదే భయం.

పది కావస్తోంది. నోయెమ్ ఈ వేళకి రొట్టె కోసం బయటికి వెళుతుంది, ఫోను అతనే తీస్తాడు. ఎలా ఉన్నావు, చలి ఎలా ఉంది అని మొదలుపెట్టానంటే మళ్ళీ ఎటో జారిపోతాను, నా సంగతి నాకు తెలుసు. "హలో" అనగానే ముందు ఇదే చెప్పాలి. "వర్పెత్, పెన్ను కింద పెట్టు. రాజుని మూలకి జరిపింది నేను కాదు. ఫోను చూసి రాశాను." ఆ తరవాత అతను ఎంతసేపు మాట్లాడకుండా ఉంటే అంతసేపు నేనూ ఫోను పెట్టెయ్యకుండా ఉండాలి. ఉండండి, నంబరు నొక్కుతున్నాను.